బెల్లం పాకంతో చేసిన, షుగర్ లేని డబ్బా

పదవీ విరమణ అనే మాట నా వయసుకు నప్పదు. జుట్టు నెరవకముందే ఆహార పరిశ్రమలో నాణ్యత చూసే ఉద్యోగం నుంచి తప్పుకున్నాను. మళ్ళీ అటు వెళ్ళలేదు, వెళ్ళను కూడా. ఒక వృత్తి మనిషికి పూర్తిగా అయిపోవడాన్నే విరమణ అంటారనుకుంటే నాదీ విరమణే.

ఫుడ్ టెక్నాలజీ చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న అమ్మాయిలు అప్పుడప్పుడు "అక్కా, ఆ పని ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. ఎదురుగా కూర్చున్న మనిషికి వరసగా రెండు మాటలు చెప్పడం నాకు చేతకాదు. రాయడమైతే చిన్నప్పటి నుంచి డైరీతో అలవాటు. అందుకని రాస్తున్నాను. జీతాలు, తనిఖీలు, సర్టిఫికెట్లు ఇందులో ఉండవు. అవి మీకు ఎవరైనా చెబుతారు.

నమలడమే పని

విశాఖపట్నంలో మల్కాపురం దాటాక పారిశ్రామికవాడలో, ఒకప్పుడు బిస్కెట్లు చేసి మానేసిన షెడ్డులో మా యూనిట్ ఉండేది. తొంభైల చివర్లో నేను చేరేసరికి అక్కడ గ్రనోలా చేస్తున్నారు. ఓట్స్ గింజల అటుకులు, జీడిపప్పు బద్దలు, కొబ్బరి, నువ్వులు కలిపి, బెల్లం పాకం, తేనె, కొంచెం నూనె పట్టించి, పళ్ళాల్లో పరిచి ఓవెన్‌లో కాలుస్తారు. చల్లారాక చిన్న చిన్న గడ్డలుగా విరుగుతుంది. విదేశాల్లో దాన్ని పొద్దున్నే చల్లటి పాలల్లో వేసుకు తింటారు, లేదా జేబులో పోసుకుని దారిలో నములుతారు. పోర్టుకు వచ్చే ఓడలకు సరుకులు అందించే వ్యాపారి ఒకాయన ఉండేవాడు. పరదేశపు నావికులు అడుగుతున్నారని ఆయనే మా యజమాని చేత ఇది మొదలుపెట్టించాడు.

చదువుకునేటప్పుడు నేను ఊహించింది గాజు గొట్టాలు, తెల్ల కోటు. కోటు ఇచ్చారు. తక్కినదంతా నమలడమే. ప్రతి పళ్ళెంలోంచి చిటికెడు తీసి నమలాలి. కరకరమందా, పటుక్కుమందా, పంటికి అంటుకుందా చూడాలి. సముద్రపు గాలి మా మొదటి శత్రువు. పొద్దున కరకరలాడినది కిటికీ ఒక్కటి తెరిచి ఉంటే మధ్యాహ్నానికి మెత్తబడి నానిన అటుకుల్లా అయ్యేది. పాకం ఒక్క క్షణం ముదిరితే రాయి అయ్యేది. షెడ్డులోని ఆడవాళ్ళు దాన్ని గ్రనోలా అనేవారు కాదు, గ్రానైటు అనేవారు.

"ఈయేల గ్రానైటు ఎలగున్నాదమ్మా? కొరుకుడు పడతాదా, సుత్తి తెమ్మంతావా?" అని నన్ను రోజూ ఆటపట్టించే ఆవిడ పేరు నూకరత్నం. పాకం దగ్గర నిలబడేది ఆవిడే. జాలరి కుటుంబం. నాకంటే చాలా పెద్దది కాబట్టి రత్నం పిన్నీ అని పిలిచేదాన్ని. భర్త అప్పలరాజు ఫిషింగ్ హార్బరులో బోటు మీదికి వెళ్ళేవాడు. షుగర్ జబ్బు ముదిరి, కాలికి బోటు మేకు ఏదో గీరుకున్న పుండు మానక, వేట మానేసి ఇంట్లో కూర్చున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు బడికి వెళ్తున్నారు. ఆ ఇల్లంతా పిన్ని జీతం మీద నడిచేది. ఆవిడ కోరిక ఒక్కటే, ఆయన కాలు బాగుపడి మళ్ళీ బోటెక్కాలి.

"నాను పాకం కాసినంతకాలం కాత్తాను. మరి ఆడు కూకుండి కూకుండి పిచ్చోడయిపోతన్నాడమ్మా. సముద్రం సూడకపోతే ఆడికి అన్నం సయించదు," అనేది.

ఇంట్లో ఎవరికి బాగోలేదు?

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు ఓడల వ్యాపారం పోయింది. ఓడలు అన్ని సరుకులూ ఇంకో రేవులో ఒకేసారి ఎక్కించుకోవడం మొదలుపెట్టాయని ఆ వ్యాపారి చెప్పాడు. మా యజమాని చలపతి గారు చెడ్డమనిషి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తరవాత మీకు ఆయన మీద కోపం వస్తుంది. బిస్కెట్లలో దెబ్బతిని కూడా పనివాళ్ళను మాన్పించని మనిషి.

"ఓడలు లేకపోతే ఊరు లేదా అమ్మాయ్? ఇంత పెద్ద విశాఖపట్నంలో పొద్దున్నే తినేవాళ్ళు లేరా?" అన్నారు. డబ్బా మీద 'బ్రేక్‌ఫాస్ట్' అని పెద్ద అక్షరాలతో వేయించారు. మద్దిలపాలెం జంక్షన్‌లో ఒక పెద్ద కొట్టు ముందు బల్ల వేసి, చిన్న గిన్నెల్లో రుచి చూపించమని నన్ను నిలబెట్టారు. నాకంటే ఆ పనికి పనికిరాని మనిషి జిల్లాలో లేదు. పిన్నిని తోడు పంపారు కాబట్టి బతికాను.

అక్కడ నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ లేదు. మనకు టిఫిన్ అంటే పొగలు రావాలి. చల్లటి పాలల్లో చల్లటి తిండి అంటే మనవాళ్ళ దృష్టిలో అది తిండి కాదు, పథ్యం. పైగా అందులో ఓట్స్. ఆ రోజుల్లో ఓట్స్ కొన్నారంటే ఇంట్లో ఎవరో మంచం పట్టారని అర్థం. ఒక పెద్దావిడ గిన్నె అందుకుని నా వంక జాలిగా చూసి, "ఇంట్లో ఎవులికి బాగోనేదమ్మా?" అని అడిగింది. పిన్ని అందుకుని, "మా ఓనరుకే తల్లీ, బుర్ర బాగోనేదు," అంది.

ఇంకో ఇల్లాలు డబ్బా కొనుక్కెళ్ళి, వారం తరవాత వచ్చి పోట్లాడింది. "ఆవాలు, మిరపకాయలు ఏసి ఉప్మా సేసినాను. తియ్యగా ఏడిసినాది. ఇది ఏటి తిండి?" అని. పాలతో తినాలని డబ్బా మీద ఉందని మెల్లగా అన్నాను. "పాలోసుకుని తినడానికి మాకేటి జొరమా?" అంది.

చిరుతిండిగా అమ్ముదామని చలపతి గారితో అన్నాను. బస్సుల్లో, సినిమా హాళ్ళ దగ్గర చిన్న పొట్లాలుగా. నువ్వుండలు తినే జనానికి ఇది కొత్త రుచేమీ కాదు. ఆయన వినలేదు. చిరుతిండి అంటే పల్లీల వాడితో పోటీ, బ్రేక్‌ఫాస్ట్ అంటే గౌరవం అన్నారు. ఆయన ఈ ఒక్క గౌరవం విషయంలో పట్టు వదిలి ఉంటే తక్కినదేదీ జరిగేది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

రెండు మాటలు

చలపతి గారిది వ్యాపారి బుర్ర. జనం పథ్యమంటున్నారు కదా, పథ్యంగానే అమ్ముదాం అనుకున్నారు. డబ్బా మార్చారు. బ్రేక్‌ఫాస్ట్ అనే మాట చిన్నదైంది. దాని పైన ఆకుపచ్చ పట్టీలో 'షుగర్ లేదు' అని తెలుగులో పెద్దగా వచ్చింది. సరుకు కిరాణా కొట్ల నుంచి మందుల షాపులకు మారింది.

అచ్చుకు వెళ్ళే ముందు నమూనా నాకు చూపించారు. నేను చెప్పగలిగినంత గట్టిగా చెప్పాను. "సార్, ఇందులో బెల్లం ఉంది, తేనె ఉంది. షుగర్ పేషెంట్లు తింటారు."

"పంచదార వేస్తున్నామా?"

"లేదు."

"మరి అబద్ధం ఎక్కడుంది చెప్పు? వెనకాల బెల్లం, తేనె అని వేశాం కదా."

"చిన్న అక్షరాల్లో ఉంది సార్. మన వాళ్ళు షుగర్ అంటే పంచదార అనుకోరు, జబ్బు అనుకుంటారు. 'ఆయనకి షుగర్ ఉంది' అంటారు. ఈ మాట చదివితే ఇది ఆ జబ్బువాళ్ళ కోసం అనుకుంటారు. కింద ఒక్క వాక్యం వేద్దాం, షుగర్ వ్యాధి ఉన్నవారు తినకూడదని."

ఆయన చాలాసేపు డబ్బా తిప్పి చూశారు. "ఆ వాక్యం వేస్తే మందుల షాపులో ఎవడు కొంటాడమ్మాయ్? షెడ్డులో ఉన్న ఆడవాళ్ళని నువ్వు పోషిస్తావా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు అడిగారు.

తరవాత కూడా ఆ వాక్యం వేయమని అడిగాను. కొత్త అచ్చు వచ్చినప్పుడల్లా అడిగాను. కాగితం మీద రాసి ఇచ్చాను. చట్టం తెలిసిన ఒకాయనను కలిస్తే ఆయన డబ్బా చూసి, అంతా సక్రమంగానే ఉందన్నాడు. మీరు నేర్చుకోవలసింది ఇక్కడే ఉంది. నిజం రాయడం వేరు, తెలిసేలా రాయడం వేరు. మన వృత్తిలో తనిఖీకి వచ్చేవాళ్ళు మొదటిదే అడుగుతారు. రెండోది అడిగే మనిషి ఏ ఆఫీసులోనూ ఉండడు. అది మీరే అయితే, మీకు ఒంటరితనం తప్పదు.

సరుకు ఎగరేసుకుపోయినట్టు అమ్ముడుపోయింది. మల్కాపురం మెయిన్ రోడ్డు మీది మందుల షాపు యజమాని సత్తిబాబు మా సరుకు అందరికంటే ఎక్కువ అమ్మాడు. మా డ్రైవరుతో, "బావా, ఇంకో పెట్టి దించీ. షుగరోల్లు దీనికోసమే వొత్తన్నారు," అంటుంటే నేను వాన్ పక్కనే ఉన్నాను. షెడ్డులో రెండో ఓవెన్ వెలిగింది. కొత్తగా ఆడవాళ్ళను తీసుకున్నారు. అందరూ నవ్వుతూ పని చేస్తున్నారు. ఆ నవ్వుల మధ్య నేను చిటికెడు చిటికెడు నములుతూ తిరిగేదాన్ని. రుచి అద్భుతంగా ఉండేది.

చెప్పినట్టు విన్న రోగి

పళ్ళాల అడుగున మిగిలే ముక్కలు పనివాళ్ళు పంచుకుని ఇంటికి తీసుకెళ్ళేవారు. పిల్లలకు అనుకున్నాను. ఒకరోజు పిన్ని జ్వరమని రాకపోతే, సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అప్పలరాజు గడప దగ్గర నులక మంచం మీద కూర్చుని, గిన్నెలో పాలు పోసుకుని చెంచాతో గ్రనోలా తింటున్నాడు. కాలికి కట్టు ఉంది. కట్టు కింద పాదం నల్లగా ఉంది.

"రా అమ్మా, కూకో. మీ గ్రానైటే. పొద్దున్న గ్రానైటు, రాత్రి గ్రానైటు. నా కడుపు కొండయిపోనాది," అని నవ్వాడు.

"ఎన్నాళ్ళ నుంచి తింటున్నావు బాబాయ్?"

"సానాళ్ళయింది. డాట్రుబాబు అన్నం తగ్గించమన్నాడు, పంచదార ముట్టుకోవద్దన్నాడు. రెండూ మానీసినాను. టీలో కూడా పంచదార ఎయ్యనివ్వను. అడుగు మీ పిన్నిని."

నేను పిన్ని వైపు తిరిగాను. "బెల్లం ఉంది కదా పిన్నీ. నువ్వే కదా పాకం పోసేది."

ఆవిడ మంచంలోంచి లేచి కూర్చుంది. నేను ఏదో తిక్క మాట అన్నట్టు చూసింది. "బెల్లమే గదమ్మా. పంచదార కాదు గదా. బెల్లం తింటే రగతం పడతాది. తేనంటే మందు. డాట్రుబాబు పంచదార అన్నాడు గానీ బెల్లం అన్నాడేటి?"

"రెండూ ఒకటే పిన్నీ. ఒంట్లోకి వెళ్ళాక రెండూ ఒకటే."

"ఒకటే అయితే డబ్బా మీద అలగెందుకు రాసినారు? సత్తిబాబు కూడా సెప్పినాడు, షుగరోల్లకి ఇదే మంచిదని. ఓలమ్మ, ఊరంతా తింతన్నారు. ఊరికి తెలీదేటి?"

అప్పలరాజు చెంచా గిన్నెలో పెట్టేశాడు. "మరి నానేటి తప్పు సేసినాను?" అన్నాడు. నన్ను కాదు, ఎవరినీ కాదు.

ఈ మాట మీకు ఎలా చెప్పాలో తెలియదు. వైద్యుడి మాట తు.చ. తప్పకుండా విన్న రోగిని నా జీవితంలో ఆయనొక్కడినే చూశాను. అన్నం ముందు కూర్చుని అన్నం మానుకోవడం జాలరి ఇంట్లో చిన్న విషయం కాదు. చేపల పులుసు పక్కన పెట్టుకుని ఈ తియ్యటి గడ్డలు నమిలాడు. బోటెక్కాలని.

మర్నాడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. నేనూ వెళ్ళాను. మొదట కాలి వేళ్ళు తీశారు. ఆగలేదు. తరవాత మోకాలి కింద దాకా తీశారు. కారణం ఈ తిండేనా అని డాక్టరును అడిగాను. ఆ పుండు ఎప్పటిదో, ఎన్నో కారణాలుంటాయి అన్నాడు. ఇది కాదా అని అడిగాను. కాదనలేను అన్నాడు. చదువుకున్నవాళ్ళందరం ఇలాగే మాట్లాడతాం.

ఆ వాక్యం

చలపతి గారు ఆసుపత్రికి వచ్చారు. మంచం పక్కన నిలబడి, దుప్పటి కింద కాలు ఉండవలసిన చోట ఏమీ లేకపోవడం చూశారు. బయటికి వచ్చాక వరండాలో గోడకు ఆనుకున్నారు. "వేయించు అమ్మాయ్. పెద్ద అక్షరాల్లో వేయించు," అన్నారు.

వేయించాను. 'షుగర్ లేదు' తీసేశాం. 'బెల్లం, తేనె ఉన్నాయి. షుగర్ వ్యాధి ఉన్నవారు తినకూడదు' అని ముందు వైపే వేశాం. అన్నాళ్ళుగా అడిగింది దొరికితే మనిషికి తృప్తి ఉండాలి కదా. డబ్బాలు అచ్చయి వచ్చిన రోజున నాకు అన్నం దిగలేదు.

మొదటి లోడుతో నేనే సత్తిబాబు షాపుకు వెళ్ళాను. ఆయన డబ్బా చదివి, డ్రైవరు వైపు తోశాడు.

"ఇది ఎవులికి అమ్మాలి బావా? జబ్బున్నోడు తినకూడదంట. జబ్బు లేనోడు నా షాపుకి రాడు."

"మరి పాత డబ్బాలు తిన్నవాళ్ళకి చెప్పారా, అందులోనూ బెల్లమే ఉందని?" అని అడిగాను. నా జన్మలో షాపులో నిలబడి అడిగిన ఒకే ఒక ప్రశ్న అది.

"నానెందుకు సెప్తానమ్మా? నాను రాసినానేటి?" అన్నాడు.

తక్కిన షాపులు కూడా సరుకు తిప్పి పంపాయి. కిరాణా కొట్లు వద్దన్నాయి. ఇప్పుడు చిరుతిండిగా అమ్ముదాం అని చలపతి గారే అన్నారు. కానీ 'తినకూడదు' అని రాసి ఉన్న డబ్బాను ఎవరు చిరుతిండి అనుకుంటారు? మందుల షాపులో కనిపించిన వస్తువు మన ఊళ్ళో మళ్ళీ తిండి కాలేదు. వానలు వచ్చేసరికి రెండో ఓవెన్ ఆగింది. తరవాత మొదటిదీ ఆగింది. అమ్ముడుపోని సరుకు గోనెల్లో చెమ్మ పట్టి మెత్తబడింది. చివరి రోజున ఆడవాళ్ళు కోట్లు విప్పి మడతపెట్టి బల్ల మీద పెట్టారు. ఎవరో ఒకావిడ పక్కావిడతో, "ఆ సదువుకున్న గుంట రాయించినాదంట," అంది. నాకు వినపడాలనే అంది.

మీలో కొందరు, ముందే రాయించి ఉంటే కాలు దక్కేది కదా అంటారు. ముందే రాయించి ఉంటే ఆ డబ్బా ముందే చచ్చేది, ఆ జీతాలు ముందే పోయేవి, ఆ ఆడపిల్లల బడి ముందే ఆగేది. కాలు దక్కేదా అన్నది డాక్టరుకే తెలియదు. నేను దీన్ని ఎన్ని రకాలుగా తిప్పి రాసుకున్నా లెక్క కుదరలేదు. మంచి ఉద్యోగి చేయవలసినది చేస్తే అంతా సర్దుకుంటుందని మీకు కాలేజీలో చెబుతారు. సర్దుకోదు. అయినా చెయ్యాలి. ఇంతకంటే ధైర్యం చెప్పే మాట నా దగ్గర లేదు.

గడప దగ్గర

యూనిట్ మూసేసిన కొన్నాళ్ళకు మల్కాపురం వెళ్ళాను. వెళ్ళడానికి చాలాసార్లు బస్సెక్కి, మధ్యలో దిగిపోయాను. ఆ రోజు దిగలేదు.

అప్పలరాజు మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగి ఉన్నాడు. చంక కర్రలు గోడకు చేరబెట్టి ఉన్నాయి, వాటికి దుమ్ము పట్టి ఉంది. పిన్ని గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది. పెద్దపిల్ల రొయ్యల షెడ్డులో పనికి వెళ్తోందని చెప్పింది. అంతకు ముందు సంవత్సరం ఆ పిల్ల క్లాసులో మొదటి వరసలో ఉండేది.

దారిలో సత్తిబాబు షాపు అద్దాల వెనక ఇంకో కంపెనీ డబ్బా చూశాను. ఆకుపచ్చ పట్టీ. అవే రెండు మాటలు. లోపలికి వెళ్ళి వెనక్కి తిప్పి చదివాను, బెల్లం ఉంది. ఆ సంగతి పిన్నికి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ గడప బయటే నిలబడ్డాను.

"కూకో," అంది. కూర్చున్నాను.

"నామీద కోపంగా ఉందా పిన్నీ?"

చేట పక్కన పెట్టింది. ఆటపట్టించే గొంతు కాదు, ఎప్పుడూ వినని గొంతు.

"ముందే రాయించనేదని కోపం. మళ్ళీ రాయించీసినావని కోపం. రెండూ ఒకలి మీదే పడకూడదని నాకు తెలుసు. ఓనరుగారు ఈ గుమ్మంలోకి రాడు. సత్తిబాబు రాడు. డాట్రుబాబు రాడు. వొచ్చింది నువ్వొక్కద్దానివే. మరి ఎవుల్ని తిట్టమంతావు?"

"నన్నే తిట్టు," అన్నాను.

చేట ఒళ్ళోకి తీసుకుని మళ్ళీ రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. తిట్టలేదు. చీకటి పడేదాకా కూర్చున్నాను, అయినా తిట్టలేదు.